జోలీన్ చేతి పట్టీ

కబురు వచ్చేటప్పటికి మార్నీ రెండు చేతులూ ఖైమాలో ఉన్నాయి. ఉల్లిపాయ ముక్కలు, గుడ్డు, రొట్టె పొడి వేసి మాంసాన్ని ముద్ద చేస్తోంది. వేడ్ సింకు కింద వెల్లకిలా పడుకుని గొట్టం బిగిస్తున్నాడు. అతని ఫోను గట్టు మీద రెండుసార్లు వణికింది.

"ఎవరో చూడు," అన్నాడు సింకు కిందనుంచి.

మార్నీ వంగి చదివింది. "డెల్స్ వాళ్లు. ఒక జట్టు తప్పుకుందట. పన్నెండేళ్ల లోపు పిల్లల్లో తర్వాతి వంతు మనదేనట. వస్తారా అంటున్నారు."

సింకు కింద తల దేనికో తగిలిన చప్పుడైంది. "వస్తామని కొట్టు."

"చేతులు బాగాలేవు."

"మోచేత్తో కొట్టు. ఆలస్యమైతే ఇంకెవరికో ఇచ్చేస్తారు."

మోచెయ్యి అన్ని అక్షరాలనీ ఒకేసారి నొక్కేస్తోంది. అందుకని మార్నీ ముక్కుతో 'వస్తాం' అని కొట్టి పంపింది. అటునుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది. అలా సెడార్ బెండ్ హెరాన్స్ జట్టు జులై నెలలో, నీళ్ల పార్కులకి పేరుపడ్డ డెల్స్ ఊళ్లో జరిగే టోర్నమెంటుకి వెళ్లడం ఖాయమైంది. ఆ తర్వాత మార్నీ ముక్కు కడుక్కుంది. పెళ్లయి మూడు నెలలు కావస్తున్నా, ఇంట్లో ఇలాంటివి జరిగినప్పుడల్లా ఆమెకి నవ్వు ఆగదు.

పెళ్లి ఏప్రిల్లో అయింది. బేస్‌బాల్ లాంటి సాఫ్ట్‌బాల్ ఆటలు మొదలయ్యేదీ ఏప్రిల్లోనే. వేడ్ ఆ జట్టుకి కోచ్, అతని కూతురు జోలీన్ అందులో ఆడుతుంది. అందువల్ల కొత్త జంట ఎక్కడికీ వెళ్లలేదు. ఆటల కాలం అయిపోయాక వెళ్దామంటే అప్పటికి మొక్కజొన్న కోతలు మొదలవుతాయి, వేడ్ పని చేసే ధాన్యం గిడ్డంగిలో ఊపిరాడదు. ఈ లెక్క ఎవరు చెప్పినా మార్నీ తల ఊపేది. శని ఆదివారాల్లో ఏదో ఒక ఊరి మైదానంలో రేకు బెంచీల మీద కూర్చుని, ఉప్పు వేసిన పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తినడం ఆమెకి బాగానే ఉంది. పరుగు దారిలో మూడో మజిలీ అయిన మూడో బేస్ పక్కన సుద్దతో గీసిన గడిలో వేడ్ నిలబడి, చెవి తాకి, టోపీ తాకి, బెల్టు తాకి, బ్యాటు పట్టుకున్న పిల్లలకి సైగలు చేస్తుంటాడు. అతను టోపీ సర్దుకునే తీరు ఆమెకి ఎంత చూసినా తనివి తీరదు.

జోలీన్‌కి పదకొండేళ్లు. తల్లి అరిజోనాలో ఉంటుంది, క్రిస్మస్ సెలవులకి పిల్ల అక్కడికి వెళ్తుంది. మార్నీని పేరు పెట్టే పిలుస్తుంది. దెబ్బలాడదు, అతుక్కోదు. మర్యాదగా ఉంటుంది. ఆ మర్యాదే మార్నీకి కొంచెం బెంగ.

ఆ రాత్రి పడుకోబోయే ముందు ఇద్దరూ ఒకే అద్దం ముందు పళ్లు తోముకుంటున్నారు. మార్నీది పళ్ల డాక్టరు దగ్గర ఉద్యోగం, రోజంతా ఊళ్లోవాళ్ల పళ్లు శుభ్రం చేస్తుంది. కాబట్టి జోలీన్ నోటి సంగతి ఆమెకి బాగా తెలుసు. ఎడం చేత్తో తోముతుంది, కుడి పక్క వెనకాల రెండు పళ్లని వదిలేస్తుంది.

జోలీన్ నురగ ఉమ్మి అంది. "డెల్స్‌లో నల్ల ఎలుగు ఉంది, తెలుసా?"

"జంతువా?"

"జారుడు గొట్టం. ఆరంతస్తులు ఉంటుంది. లోపల చీకటి. కింద ఎలుగుబంటి బొమ్మ పంజా చాపి నిలబడుతుంది. తల ఆ పంజాకి తగిలితేనే పైకి పంపుతారు."

"పోయినేడు వెళ్లావా?"

"వెళ్లాను. తగల్లేదు." అద్దంలో తనని తాను చూసుకుంది. "మిగతా వాళ్లందరికీ తగిలింది. నేను కింద వాళ్ల చెప్పులు కాపలా కాశాను. నాన్నకి చెప్పకు."

"ఎందుకు?"

"చెప్పులు కాయడం కూడా జట్టు పనేనంటాడు."

మార్నీ ఆమె వెనక నిలబడి తల మీద చెయ్యి పెట్టి చూసింది. పిల్ల వసంతంలో బాగా పొడుగైంది, ప్యాంట్లన్నీ చీలమండ పైకి వచ్చేశాయి. "ఈసారి ఆ ఎలుగుకి నీ తల గట్టిగానే తగులుతుంది. మనిద్దరం ఎక్కుదాం. నేను మాటిస్తున్నా."

జోలీన్ నోరు పుక్కిలించింది. బ్రష్షు కడిగి కప్పులో వేసింది. "మాటిస్తే ఎక్కాలి మరి," అని వెళ్లి పడుకుంది.

ఆ ఇంట్లో మార్నీ జోలీన్‌కిచ్చిన మొదటి మాట అది. మర్నాడు పనిలో ఎవరి నోట్లోకి చూసినా ఆమెకి చీకటి గొట్టమే కనపడింది.

అత్తగారు అర్డిస్‌కి ఈ సంగతి నచ్చలేదు. ఆమె ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు, బంగాళాదుంప ముక్కలు పేర్చి కాల్చిన మాంసం వడ్డించుకుంటూ అంది. "మనం వెళ్లేది ఆడటానికి. తడవటానికి కాదు."

"ఆట అయ్యాకే కదా, అర్డిస్," అంది మార్నీ. "ఆ లాడ్జిలో దిగిన వాళ్లకి నీళ్ల పార్కు ఊరికే. ఆదివారం రాత్రి దాకా ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఆటా అవుతుంది, విహారమూ అవుతుంది."

"వేడ్ చిన్నప్పటినుంచి టోర్నమెంట్లకి తిరుగుతున్నాం. ఎక్కడా విహారం చెయ్యలేదు."

"అందుకే నాకు ఈత రాదు," అన్నాడు వేడ్.

"నీకు బద్ధకం వల్ల రాదు. నా మీద వెయ్యకు."

అయినా అర్డిస్ వస్తుందని అందరికీ తెలుసు. కొడుకు ఆడిన రోజుల్లో గానీ, మనవరాలు ఆడుతున్న ఈ రోజుల్లో గానీ ఆమె మ్యాచ్ మానుకున్న దాఖలా లేదు. మోకాలికి ఆపరేషన్ అయిన వారంలో కూడా కారు మైదానం పక్కన పెట్టించుకుని, అద్దం దించి, లోపలినుంచే అంపైర్ని తిట్టింది.

వేడ్ ఒక్క షరతు పెట్టాడు. అది జట్టు మొత్తానికీ ఉన్నదే. ఆఖరి మ్యాచ్ అయ్యేదాకా ఎవరూ నీళ్లలో కాలు పెట్టకూడదు. నీళ్లలో నానితే మర్నాడు కాళ్లు పరిగెత్తవని అతని నమ్మకం. లాడ్జి కిటికీల్లోంచి గొట్టాల్ని చూస్తూ పన్నెండుమంది పిల్లలు రెండు రోజులు ఆగాలి.

శుక్రవారం సాయంత్రం మిసిసిపీ నది దాటి, విస్కాన్సిన్ కొండలెక్కి దిగి, డెల్స్ చేరేసరికి చీకటి పడింది. జోలీన్ దారిలోనే నిద్రపోయింది. వేడ్ బండి పెట్టడానికి వెళ్లాడు. అర్డిస్ గదికి వెళ్లకముందే ఐసు ముక్కలిచ్చే యంత్రం ఎక్కడుందో వెతుక్కుంటూ పోయింది. మార్నీ పిల్లని నడిపించుకొచ్చి సూట్‌కేసు మీద కూర్చోబెట్టి, లాడ్జిలో గదులిచ్చే బల్ల దగ్గర నిలబడింది.

బల్ల వెనక ఉన్నావిడ తెర మీద చూసి, "థోర్సన్ కుటుంబం, నలుగురు," అంది.

"అవునండీ," అంది మార్నీ. ఆ మాట ఇంకోసారి అంటుందేమోనని ఒక క్షణం ఆగింది కూడా. ఆవిడ అనలేదు. సాఫ్ట్‌బాల్ బంతిలా పసుపుపచ్చగా మెరిసే నాలుగు ప్లాస్టిక్ పట్టీలు ఆమె ముందు పెట్టింది.

"ఇప్పుడే చేతికి పెట్టేసుకోండి. లిఫ్టుకీ పార్కుకీ ఇదే. ఒకసారి నొక్కితే ఊడదు. కోస్తే చెల్లదు. ఇంకోటి ఇవ్వను, ముందే చెప్తున్నా. టోర్నమెంటు వారం కదా, ఒక్కటి కూడా మిగల్లేదు."

మార్నీ తనది పెట్టుకుంది. తర్వాత వంగి, నిద్రలో వేలాడుతున్న జోలీన్ చేతుల్లో కుడిచెయ్యి ఏరి పట్టుకుంది. "ఎడం చెయ్యి వదిలేస్తున్నానండీ, రేపు ఆడాలిగా," అని ఆవిడకి కొంచెం గర్వంగానే చెప్పింది. టక్కుమని నొక్కింది. పిల్ల కళ్లు తెరవలేదు.

ఎడం చేత్తో రాస్తుంది, ఎడం చేత్తో తింటుంది, ఎడం చేత్తోనే పళ్లు తోముకుంటుంది. తల్లిలా గుర్తుపెట్టుకుని చేసిన పని ఇదని లిఫ్టులో మార్నీకి తోచింది.

శనివారం మూడు మ్యాచ్‌లు. మొదటిది ఓడారు, రెండోది గెలిచారు. రెండింట్లోనూ జోలీన్ మైదానం చివర, గడ్డిలో నిలబడింది. అక్కడికి వచ్చే బంతులు తక్కువ. ఎప్పుడో ఒకటి గాల్లో వస్తే పట్టుకుని లోపలికి విసిరింది. మార్నీ బెంచీ మీద కూర్చుని మూడో బేస్ వైపు చూస్తూ చప్పట్లు కొట్టింది.

రెండో మ్యాచ్ చివర్లో ఎమెరీ అనే పిల్ల బేస్ మీదికి జారబోయి కాలు బెణికించుకుంది. ఆ జట్టుకి బంతి వేసేది ఎమెరీనే. మూడో మ్యాచ్‌కి ఆమె మంచు సంచి మీద కాలు పెట్టుకుని కూర్చుంది. వేడ్ అటూ ఇటూ చూసి జోలీన్‌ని పిలిచాడు. పిల్ల టోపీ కిందకి జుట్టు తోసుకుని, పరిగెత్తకుండా నడిచి మధ్యలో సుద్దగీసిన చోటికి వెళ్లింది. గెలిస్తే ఆదివారం పోటీలో ఉంటారు. లేకపోతే అప్పుడే పార్కు. కొంతమంది పిల్లలకి ఆ రెండోదీ అంత చేదుగా ఏమీ లేదు.

జోలీన్ బంతి అందుకుని చెయ్యి వెనక్కి తీసిందో లేదో అంపైర్ రెండు చేతులూ పైకెత్తాడు. గడ్డం ఉన్న పెద్దమనిషి, ఎండకి మెడ కమిలిపోయింది.

"కోచ్, బంతి వేసే చేతికి ఏదో ఉంది. తియ్యాలి."

వేడ్ దగ్గరికి వెళ్లాడు. "పార్కు పట్టీ అండీ. ఊడదది."

"నా మనవలూ అందులోనే ఉన్నారు, నాకు తెలుసు. అచ్చం బంతి రంగు. చేతితోపాటు గిర్రున తిరిగితే అవతలి పిల్లకి బంతేదో పట్టీ ఏదో తెలీదు. వేరే చోట ఎవరైనా పెట్టుకోవచ్చు, బంతి వేసే పిచర్ మాత్రం పెట్టుకోకూడదు."

"టేపు చుడితే?"

"టేపూ కూడదు. కొయ్యండి, లేదా ఇంకో పిల్లని తెండి."

బెంచీల మీద ఉన్నవాళ్లందరికీ ఈ మాటలు వినిపించాయి. మార్నీ లేచి నిలబడింది. పొరపాటు అంపైర్‌దేనని ఆమెకి అనుమానం కూడా లేదు.

"అది కుడిచెయ్యి కదండీ," అంది గట్టిగానే. "ఆ పిల్లది ఎడం చెయ్యి."

చుట్టూ గింజలు ఒలుస్తున్న చప్పుడు ఆగిపోయింది. ఎమెరీ వాళ్లమ్మ తన కాళ్ల వైపు చూసుకుంది. ఎవరో దగ్గారు.

పక్కన కూర్చున్న అర్డిస్ తల కూడా తిప్పలేదు. "కుడి," అంది.

"ఎడం చేత్తోనే కదా రాస్తుంది."

"రాసేది ఎడం. విసిరేది కుడి. నాలుగేళ్లప్పుడు ఇంట్లో ఉన్న గ్లవ్ ఒక్కటే, వాళ్ల నాన్నది, ఎడం చేతికి తొడిగేది. పిల్ల అది తొడుక్కుంది. ఇక మిగిలింది కుడే కదా, దాంతో విసరడం నేర్చుకుంది." అప్పుడు కోడలి వైపు చూసింది. "మూడు నెలలుగా వస్తున్నావు. ఎటు చూస్తున్నావమ్మాయ్?"

ఎటు చూస్తోందో ఆ వరసలో అందరికీ తెలుసు. ఎమెరీ వాళ్లమ్మ నవ్వాపుకోవడానికి నీళ్లు తాగింది. మార్నీ కూర్చుంది. ముఖం వేడెక్కి, చెవుల్లోంచి ఆవిరి పోతున్నట్టనిపించింది.

మైదానంలో వేడ్ కూతురి ముందు ఒక మోకాలి మీద కూర్చున్నాడు. అతనేం చెప్పాడో బెంచీలకి వినపడలేదు. ఎక్కువ చెప్పినట్టు లేదు. జోలీన్ పట్టీ వైపు చూసింది. తర్వాత మైదానం అవతల, చెట్ల మీదుగా కనిపిస్తున్న గొట్టాల వైపు చూసింది. ఆ తర్వాత బెంచీల వైపు తిరిగి ఎవరికోసమో వెతికింది. మార్నీ కనపడగానే చూపు తిప్పుకుంది.

చెయ్యి చాపింది. వేడ్ మందుల పెట్టెలోని కత్తెరతో కోశాడు. పసుపుపచ్చ ముక్కని జేబులో వేసుకుని తన గడిలోకి వెళ్లాడు.

మార్నీ ఆ మ్యాచ్ మొత్తం జోలీన్‌నే చూసింది. సాఫ్ట్‌బాల్‌లో బంతి వేసే చెయ్యి పైనుంచి రాదు. గిలక తిరిగినట్టు భుజం చుట్టూ ఒక చుట్టు తిరిగి, తొడ పక్కనుంచి బంతిని వదులుతుంది. ఆ చుట్టులో జోలీన్ పెదవి కొరుక్కుంటుందనీ, బంతి వదిలే ముందు ఎడం మడమ లేస్తుందనీ మార్నీకి ఇప్పుడే తెలిసింది. మొదట్లో బంతులు అడ్డదిడ్డంగా పోయాయి. అవతలి జట్టు పిల్లలిద్దరు బ్యాటు తిప్పకుండానే ఊరికే మొదటి బేస్‌కి నడిచారు. జోలీన్ కిందకి వంగి మట్టి తీసుకుని అరచేతుల్లో రుద్దుకుంది. ఆ తర్వాత పర్వాలేదు. మధ్యలో వేడ్ ఏవో సైగలు చేశాడట. మార్నీ చూడలేదు. చివరికి ఒక్క పరుగుతో గెలిచారు. పిల్లలంతా మీద పడి జోలీన్‌ని కింద పడేశారు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మళ్లీ మ్యాచ్, బంతి వేసేది మళ్లీ జోలీనే.

మార్నీ తిన్నగా లాడ్జి బల్ల దగ్గరికి వెళ్లింది. నిన్నటి ఆవిడే ఉంది. మార్నీ జరిగింది జరిగినట్టు చెప్పింది, తన తెలివితక్కువతనంతో సహా. ఆవిడ జాలిగానే విన్నది.

"అయ్యో. కానీ చెప్పాను కదండీ. నా దగ్గర ఒక్కటి కూడా లేదు."

"నాది కోసి ఆ పిల్లకి పెట్టొచ్చా?"

"కోస్తే చెల్లదు, ఎవరిదైనా ఒకటే." తెర మీద ఏదో చూసింది. "పార్కు గేటు దగ్గర బయటివాళ్లకి కొన్ని టికెట్లు అమ్ముతారు. పొద్దున్న ఎనిమిదింటికి తెరుస్తారు. ఏడింటినుంచే లైను ఉంటుంది. గంటలో అయిపోతాయి. ముందుగా పోయి నిలబడితే దొరకొచ్చు."

"ఎనిమిదింటికేనా?"

"ఎనిమిదింటికే. మీకేమైనా ఇబ్బందా?"

మార్నీ ఆవిడకి ధన్యవాదాలు చెప్పి బయటికొచ్చింది.

సాయంత్రం లాడ్జి వెనక బళ్లు ఆపే చోట జట్టు తాలూకు కుటుంబాలన్నీ పొయ్యిలు పెట్టాయి. వేడ్ సాసేజీలు కాలుస్తున్నాడు. గోడ అవతల పార్కులోంచి కేకలు, నీళ్ల చప్పుడు వస్తున్నాయి. జట్టు పిల్లలు కొందరు గోడకి చెవులు ఆనించి నిలబడ్డారు, ఇంకొందరు తారు మీద బంతి దొర్లించుకుంటున్నారు. జోలీన్ ఒక్కతీ కాలిబాట అంచు మీద కూర్చుంది. కుడి భుజానికి మంచు సంచి కట్టారు. చిప్స్ పొట్లం చించి అందులోనే ఖైమా, చీజ్ వేసుకుని ఎడం చేత్తో చెంచా పట్టుకుని తింటోంది.

మార్నీ పక్కన కూర్చుంది. "భుజం నొప్పిగా ఉందా?"

"లేదు. నాన్న ఊరికే కట్టాడు."

"జోలీన్, నీకు ఒక సంగతి చెప్పాలి. నేను నీ ఆట చూడలేదు."

"చూశావుగా. ప్రతి మ్యాచ్‌కీ వచ్చావు."

"వచ్చాను. కానీ చూసింది మీ నాన్నని."

జోలీన్ చెంచా నోటి దగ్గర ఆగింది. "ఛీ."

"అంతేమరి."

"అక్కడేం చేస్తాడని? చెవి గోక్కుంటాడు."

"అవి సైగలు కదా."

"చెవికి అర్థం ఏంటో తెలుసా?"

"తెలీదు."

"ఏమీ లేదు. అవతలి వాళ్లని తికమక పెట్టడానికి. బెల్టు ముట్టుకున్నాక వచ్చేదే అసలుది. అది కూడా తెలీకుండా అంతసేపు చూశావా?" పొట్లంలోకి చూస్తూ కొంచెం చీజ్ వెతుక్కుంది. తర్వాత మామూలు గొంతుతోనే అంది. "మే నెలలో రెండు మ్యాచ్‌లు నేను వేశా. బాగా వేశావన్నావు."

మార్నీకి గుర్తుంది. బెంచీలన్నీ చప్పట్లు కొట్టాయి, తనూ కొట్టింది. ఇంటికి వెళ్తూ దారిలో ఐస్‌క్రీమ్ కొనిపెట్టి, బాగా వేశావని కూడా అంది. జోలీన్ అప్పుడు థాంక్స్ చెప్పింది. పిల్ల ఏదో వేసిందని తప్ప ఎలా వేసిందో ఆమెకి తెలీదు. 

"ఎందుకలా అన్నావు మరి?"

"అందరూ అంటున్నారని."

"బాగా వెయ్యలేదు," అంది జోలీన్. "ఇద్దరికి బంతి తగిలింది. ఒకమ్మాయి ఏడ్చింది."

గోడ అవతల ఎవరో గొట్టంలోంచి నీళ్లలో పడ్డారు. కేరింత పైకి లేచి ఆగిపోయింది.

"ఇవాళ చూశా," అంది మార్నీ. "మొదట్నుంచి చివరిదాకా. పెదవి కొరుక్కుంటున్నావు. పగిలిపోతుంది, మైనం రాసుకోవాలి."

జోలీన్ నాలిక్కొనతో కింది పెదవి తడిమి చూసుకుంది. చిప్స్ పొట్లం కొంచెం ఇటు వంచింది. మార్నీ ఒకటి తీసుకుంది.

"ఇంకోటి కూడా చెప్పాలి. రేపు గేటు దగ్గర టికెట్లు అమ్ముతారట. నేను వెళ్లి నిలబడితే నీకోటి దొరకొచ్చు. ఎలుగు ఎక్కొచ్చు. మాటిచ్చాను కదా."

"ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి."

జోలీన్ తినడం ఆపింది. "అయితే రేపు కూడా చూడవు."

"అదే. అందుకే నిన్ను అడుగుతున్నా. నువ్వు ఏది కావాలంటే అది."

"నన్నడుగుతావేంటి? పెద్దదానివి నువ్వు."

"పెద్దదాన్నే. నిన్న పెద్దదానిలా ఆలోచించబట్టే తప్పు చేతికి కట్టాను."

జోలీన్‌కి నవ్వొచ్చింది గానీ రానివ్వలేదు. మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుంది. "ఎలుగు నాకు కావాలి," అంది. "పోయినేడు నుంచీ కావాలి. కానీ రేపు నేను వేసినప్పుడు అక్కడ ఎవరైనా... నానమ్మ చూస్తుందనుకో. నానమ్మ ఎప్పుడూ చూస్తుంది. నాన్న సైగల్లో ఉంటాడు." వాక్యం అక్కడే వదిలేసింది. "నాకు తెలీదు. రెండూ కావాలి."

"రెండూ ఎలా కుదురుతాయి, నేను ఒక్కదాన్నే కదా."

"నాకు తెలుసు కుదరవని. అడిగావు కదా చెప్పా."

వెనకనుంచి చెప్పుల చప్పుడు వచ్చింది. అర్డిస్ ఒక్కో చేతిలో ఒక్కో కాగితం పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. సాసేజీలు చల్లారిపోయి, పైన ఆవపిండి సాస్ గడ్డకట్టింది. ఆమె వచ్చి చాలాసేపైనట్టుంది.

"తినండి," అంది, చెరో పళ్లెం ఇస్తూ. "ఆ గేటు ఎక్కడుంది?"

"ఏ గేటు?" అంది మార్నీ.

"టికెట్లు అమ్మేది."

"పెద్ద రోడ్డు మీద. చేప బొమ్మ పక్కన."

అర్డిస్ నడుము పట్టుకుని కాలిబాట మీద జోలీన్‌కి రెండో పక్కన కూర్చుంది. కూర్చోవడానికి కొంత సమయం పట్టింది. "రేపు మైదానానికి పోతూ నన్ను అక్కడ దింపండి. నేను నిలబడతా."

"నానమ్మా, మ్యాచ్ ఉంది," అంది జోలీన్.

"ఉందిలే. మీ నాన్నవి చూశా, నీవి చూశా. మీ నాన్న ఆడిన వాటిలో సగం చూడకపోయినా నష్టం ఉండేది కాదు."

"మీ మోకాలు," అంది మార్నీ. "గంటసేపు ఎండలో నిలబడలేరు, అర్డిస్. నేనే..."

"నిలబడలేకపోతే కింద కూర్చుంటా. ముసలిదాన్ని లైన్లోంచి తోసేవాడు విస్కాన్సిన్‌లో ఇంకా పుట్టలేదు." జోలీన్ పొట్లంలోంచి ఒక చిప్ తీసుకుంది. "ఈ నీళ్లాటలు నాకిప్పటికీ నచ్చవు. అది వేరే సంగతి. కానీ ఇంట్లో ఒకళ్లు పిల్లకి మాటిచ్చారు. మాటంటే మాటే."

వేడ్ పొయ్యి దగ్గరనుంచి, అక్కడ ముగ్గురూ వరసగా ఏం చేస్తున్నారని కేకేశాడు. అతను పట్టకారు ఊపి మళ్లీ పొయ్యి వైపు తిరిగాడు. మార్నీ చూపు ఆ వైపు పోయింది, ఒక్క క్షణమే. అర్డిస్ దాన్ని కనిపెట్టింది.

"అదే చెప్తున్నా. రేపు నువ్వు బ్యాటర్ వెనకాల, బంతి ఆపే వల దగ్గర కూర్చో. పిల్ల తలెత్తితే నువ్వే కనపడాలి. మూడో బేస్ వైపు మెడ తిప్పావో నాకు తెలిసిపోతుంది, ఎమెరీ వాళ్లమ్మకి కాపలా అప్పగించి వెళ్తున్నా."

"తిప్పను," అంది మార్నీ.

"తిప్పుతుంది," అంది జోలీన్. "నాన్న బెల్టు ముట్టుకున్నప్పుడు తిప్పనీ, నానమ్మా. అదొక్కటీ పర్లేదు."

అర్డిస్ కాసేపు బేరం ఆలోచించినట్టు నోట్లోది నమిలింది. "సరే, బెల్టుకి ఒప్పుకుంటా. ఇక వినండి. పొద్దున్న ఆరున్నరకి అందరూ బండి దగ్గర ఉండాలి. నాకు గొడుగు, ఫ్లాస్కులో కాఫీ కావాలి. మొదటి మ్యాచ్ గెలిస్తే రెండోది కూడా ఆడి రండి, నాకేం తొందర లేదు. ఓడినా గెలిచినా, ఆఖరి ఆట అవగానే మీరిద్దరూ ఆ మట్టి కాళ్లతోనే నేరుగా గేటు దగ్గరికి వచ్చెయ్యండి. స్నానాలంటూ గదికి పోయి ఆలస్యం చెయ్యొద్దు. ఎలాగూ నీళ్లలోకేగా."